పసిబిడ్డ మొదలు తాతమ్మ వరకు: ఇంటిల్లిపాదికీ క్రిస్మస్ కానుకలు ఎంచుకునే విధానం

ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా పట్టణం పర్లాకిమిడిలో మా అత్తవారింటి అటక మీద ఒక స్టీలు డిన్నరు సెట్టు ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉంది. పెళ్లయిన రెండవ ఏడు, జీతంలో నెలనెలా కొంత దాచి, క్రిస్మస్‌కు మా అత్తయ్యగారికి నేను కొనిచ్చిన కానుక అది. ఆమె దానిని రెండు చేతులా అందుకుని, ఇరుగుపొరుగు వారికి చూపించి, పెద్ద చుట్టాలు వచ్చినప్పుడు దింపుదామని పైన పెట్టించారు. ఆ చలికాలమంతా ఆమె ప్రతి ఉదయం వాకిట్లో ఎండ పడే చోటికి పీట జరుపుకుంటూ, కీర్తనల గ్రంథాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకుని, కనిపించని మాటలను జ్ఞాపకంతో పూరించుకుంటూ చదవడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను గాని, కానుకకూ ఆ దృశ్యానికీ సంబంధం ఉందని నాకు తోచలేదు. మరుసటి ఏడు ఆమెకు పెద్ద అక్షరాల తెలుగు బైబిలును, దానిని ఆనించుకోవడానికి ఒక చెక్క వ్యాసపీఠాన్ని ఇచ్చాము. ఆ వ్యాసపీఠం అంచులు ఇప్పుడు ఆమె మోచేతుల రాపిడికి నునుపెక్కాయి.

అప్పటి నుంచి ఏ కానుకనైనా కొనేముందు నన్ను నేను ఒకే ప్రశ్న అడుగుతున్నాను: భోగి నాటికి ఈ వస్తువు ఎక్కడ ఉంటుంది? క్రిస్మస్‌కూ భోగికీ నడుమ మూడు వారాలకు మించి ఉండదు. ఆ వ్యవధిలో మనిషి చేతికి అలవాటైన వస్తువు ఆ మనిషిది అయినట్టు. ఇంకా పెట్టెలోనే ఉన్నది మన సంతోషం కోసం మనం కొన్నట్టు. కింద చెప్పిన పద్ధతి అంతా ఈ ప్రశ్న చుట్టూ అల్లుకున్నదే.

మొదటి మెట్టు: నవంబరులో పేర్ల పట్టిక రాసుకోవడం

నవంబరు రెండవ వారంలో ఒక నోటుపుస్తకం తీసి, కానుక అందవలసిన ప్రతి ఒక్కరి పేరు ఒక్కొక్క పుటలో రాయండి. పేరు కింద మూడు సంగతులు నింపాలి. ఆ మనిషి పొద్దున్నే లేచి మొదట చేసే పని ఏమిటి? రోజులో తరచుగా వెతుక్కునే వస్తువు ఏది? ఏ భాషలో చదువుతారు?

మూడవ ప్రశ్న మా వంటి సరిహద్దు కుటుంబాలకు మరీ ముఖ్యం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరిన తరువాత, ఇక్కడి బడుల భాష క్రమంగా మారుతూ వచ్చింది. అందుచేత ఒకే ఇంట్లో తెలుగు మాత్రమే చదవగలిగే నానమ్మ, ఒడియా బడిలో చదువుకున్న కొడుకు, ఇంగ్లీషు మీడియంలో చదువుతూ తెలుగు ధారాళంగా మాట్లాడినా ఒక్క అక్షరం కూడబలుక్కోలేని మనవరాలు కలిసి ఉంటారు. రాయగడ, గుణుపురం, జయపురం వైపు తెలుగు ఇళ్లలోనూ పరిస్థితి ఇదే. ఎవరు ఏ లిపి చదవగలరో రాసుకోకుండా పుస్తకంగాని, వాక్యం రాసిన గోడ క్యాలెండరుగాని కొంటే, అది పదిలంగా దాచబడుతుందే తప్ప చదవబడదు.

పేర్ల తరువాత డబ్బు. మొత్తం ఎంత ఖర్చు పెట్టగలమో ముందు నిర్ణయించుకుని, దానిలో పదవ వంతు పక్కన పెట్టండి. కేరల్స్ పాడుతూ వచ్చే సంఘపు పిల్లల కోసం, చెప్పకుండా దిగే మేనమామ కోసం ఆ సొమ్ము ఉపయోగపడుతుంది. ఉదాహరణకు 11 మందికి 6,000 రూపాయలు అనుకుంటే, 600 పక్కన ఉంచి, ముగ్గురు పెద్దలకు 700 చొప్పున 2,100, నలుగురు నడివయసు వారికి 450 చొప్పున 1,800, నలుగురు పిల్లలకు 375 చొప్పున 1,500 కేటాయిస్తే లెక్క సరిపోతుంది. ఈ అంకెలను మీ ఆదాయానికి తగినట్టు మార్చుకోండి. కోతలు పూర్తయి ధాన్యం డబ్బు చేతికి వచ్చే ఇళ్లలో డిసెంబరు మొదటి వారంలో చెయ్యి కొంచెం విశాలమవుతుంది. ఆ డబ్బులో విత్తనాలకు, ఎరువులకు కావలసినది ముందు తీసి ఉంచాలి. కానుక కోసం అప్పు చేయవద్దని గట్టిగా చెబుతాను. వడ్డీ కట్టే నెలల్లో ఇంట్లో పుట్టే చిరాకు ఆ కానుక పుచ్చుకున్న వారి మీదే పడుతుంది.

రెండవ మెట్టు: అడగకుండా తెలుసుకోవడం

"అమ్మా, నీకేం కావాలి?" అని అడిగితే మన ఇళ్లలో పెద్దవారి నుంచి వచ్చే జవాబు ఒక్కటే: "నాకేం వద్దమ్మా, మీరు చల్లగా ఉంటే చాలు." ఆ మాట నిజమే గాని, దానితో పని జరగదు. రెండు వారాల పాటు గమనించడమే దారి. ఏ చెప్పు అరిగిందో, ఏ దుప్పటికి చిల్లు పడిందో, మందు సీసా మీది అక్షరాలు ఎవరి చేత చదివించుకుంటున్నారో, కూర్చుని లేచేటప్పుడు దేనిని ఆసరా పట్టుకుంటున్నారో చూసి నోటుపుస్తకంలో రాయండి.

కొలతలు కూడా ఇప్పుడే సంపాదించాలి. చెప్పుల కొలతకు పాత చెప్పును కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీస్తే చాలు. చొక్కాకు బాగా సరిపోయే పాత చొక్కా భుజాల వెడల్పు, పొడవు కొలుచుకోవాలి. వేరే ఊళ్లో ఉన్నవారి సంగతులు వారితో ఒకే ఇంట్లో ఉండేవారిని అడగాలి; తమ్ముడి అవసరం మరదలికి తెలిసినంతగా అక్కకు తెలియదు.

మూడవ మెట్టు: వయసును బట్టి ఎంచుకోవడం

పసిబిడ్డల దగ్గర అందం కంటే భద్రత ముందు చూడాలి. మూడేళ్ల లోపు పిల్లలు చేతికి అందిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటారు. వారి ఆటవస్తువులో గాని, దాని నుంచి ఊడివచ్చే భాగంలో గాని సుమారు 3.2 సెంటీమీటర్ల వెడల్పు గల గొట్టంలో పట్టేంత చిన్నది ఏదీ ఉండకూడదు; బంతి అయితే 4.5 సెంటీమీటర్ల కంటే పెద్దదిగా ఉండాలి. క్రిస్మస్ రోజుల్లో అంగళ్ల నిండా కనిపించే వెలుగు నక్షత్రాల్లోను, పాట పాడే కార్డుల్లోను, మెరిసే బొమ్మల్లోను బిళ్ల బ్యాటరీలు ఉంటాయి. అటువంటి బిళ్ల గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిన గాయం చేయగలదు. కాబట్టి బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉంటేనే కొనండి. బిడ్డ మింగినట్టు అనుమానం కలిగినా వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. బుడగలను కూడా ఈ వయసు పిల్లలకు ఇవ్వవద్దు. పాకే బిడ్డకు చక్రాల వాకరు ముచ్చటగా ఉంటుందని చాలామంది కొంటారు గాని, అది నడక నేర్పదు సరికదా మెట్ల మీది నుంచి, పొయ్యి వైపు జారిపోయే ప్రమాదం తెస్తుంది. పిల్లల వైద్యులు దానిని వద్దంటున్నారు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించడం ఆప్యాయతతో చేసే పనే అయినా అది కూడా ప్రమాదమే కనుక, తేనె సీసాను ఆ ఇంటి పెద్దల పేరుతో ఇవ్వండి.

2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ల లోపు పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. నమోదైన హస్తకళాకారులు చేసే బొమ్మలకు, ఫలానా ప్రాంతపు ప్రత్యేకత అని ప్రభుత్వం ఇచ్చే భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన బొమ్మలకు మినహాయింపు ఉంది. ఆ రెండవ తెగకు చెందినవే అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్కబొమ్మలు; వాటికి 2017లో ఆ గుర్తింపు వచ్చింది. అంకుడు కర్రను తరిణె మీద తిప్పి, లక్కలో కలిపిన సహజ రంగులు పట్టిస్తారు. నాలుగైదేళ్ల పిల్లలకు ఆ లక్కపిడతల పెట్టె కంటే మంచి కానుక నాకు తెలియదు. ఆడపిల్లకు లక్కపిడతలు, మగపిల్లవాడికి బ్యాటు అని విడదీయవద్దు. మా మరిది కొడుకు ఆ చిన్న తిరగలి ముందు కూర్చుని గంటల తరబడి ఇంటిల్లిపాదికీ వండి వడ్డించేవాడు. పసివారికి బట్టలు ఇచ్చేటప్పుడు ఒక కొలత పెద్దవి తీసుకోండి, మెడ దగ్గర తాళ్లు ఉన్న టోపీలు వద్దు.

బడి పిల్లల విషయంలో నాకు అన్నిటికంటే మక్కువైనది రెండు భాషల కానుక. నేషనల్ బుక్ ట్రస్టు, ప్రథమ్ బుక్స్ వంటి సంస్థలు ఒకే బొమ్మల కథను అనేక భారతీయ భాషల్లో అచ్చువేస్తాయి. అదే కథను తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి కొని కలిపి ఇస్తే, బొమ్మలు రెండింటిలోనూ ఒకటే కనుక, బిడ్డ తనకు వచ్చిన లిపి సాయంతో రాని లిపిని తానే కూడబలుక్కుంటుంది. ఆంధ్ర వైపు పాతపట్నంలో ఉన్న మా అన్నయ్య కూతురికి, ఇక్కడున్న మా అమ్మాయికి ఒకే ఏడు అలాంటి జంట పుస్తకాలు ఇచ్చాము. సంక్రాంతి సెలవుల్లో ఒకరికి ఒకరు చదివి వినిపించుకున్నారు. అయితే పుస్తకం ఒంటరిగా ఇవ్వకండి. రాత్రి అన్నాలయ్యాక పావుగంట పక్కన కూర్చుని చదువుతానని ఇంట్లో ఒకరు మాట ఇచ్చి నిలబెట్టుకుంటేనే ఆ పుస్తకం పనిచేస్తుంది. అక్షరాలు రాని నానమ్మ కూడా బొమ్మలు చూపిస్తూ కథ చెప్పగలదు. పుస్తకాల మీద ఇష్టం లేని పిల్లవాడికి క్యారం బోర్డు, చదరంగం, మంచి ఫుట్‌బాలు ఏదైనా సరే. ఒక్కడే ఆడుకునే దానికంటే నలుగురు కలిసి ఆడేది ఎంచుకోండి.

పదమూడు నుంచి ఇరవై ఏళ్ల వారికి ఆశ్చర్యం కలిగించాలనుకోవడం తరచూ బెడిసికొడుతుంది. వారి అభిరుచి నెలకొకసారి మారుతుంది, మన ఊహ ఏడాది వెనుక ఉంటుంది. ఎంత వరకు ఖర్చు పెట్టవచ్చో చెప్పి, వారినే వెంట తీసుకువెళ్లి కొనిపెట్టడం మంచిది. ఫోను మాత్రం తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిన్నిగాని, మావయ్యగాని ఇవ్వకూడదు. సంఘంలో పాటలకు గిటారు వాయించే కుర్రవాడికి తీగల సెట్టు గొప్ప కానుకే. కాని అతని గిటారు నైలాను తీగలదా, ఉక్కు తీగలదా అని ముందు తెలుసుకోవాలి, ఎందుకంటే నైలాను తీగల గిటారుకు ఉక్కు తీగలు బిగిస్తే ఆ బిగువుకు దాని మెడ వంగిపోతుంది. కొత్తగా బండి నడుపుతున్న వారికి హెల్మెట్ ఇవ్వండి. ఐఎస్ 4151 అన్న ప్రమాణ సంఖ్యతో ఐఎస్ఐ గుర్తు ఉన్నదో లేదో చూసి, కనుబొమలకు కొంచెం పైగా తల చుట్టూ టేపు పెట్టి కొలిచి కొనాలి. మా ఘాట్ రోడ్ల మీద మంచు పట్టే డిసెంబరు ఉదయాల్లో ఆర్.ఉదయగిరి, మోహన వైపు ఉద్యోగాలకు వెళ్లే పిల్లలను తలచుకుంటే, ఆ కానుక ముందు మిగిలినవన్నీ నాకు తేలికగానే కనిపిస్తాయి.

నడివయసు వారికి బట్టలు ఇవ్వడం మన ఆనవాయితీ, క్రిస్మస్ ఉదయపు ఆరాధనకు కొత్త బట్టలు కట్టుకోవాలన్న ఆశ పెద్దలకూ ఉంటుంది. ఈ సరిహద్దులో పుట్టినందుకు మనకున్న అదృష్టం ఏమిటంటే, రెండు వైపుల నేతలూ అందుబాటులో ఉంటాయి. బరంపురం పట్టుకు అంచున గుడిగోపురం వంటి కుంభం నేస్తారు; 2012లో భౌగోళిక గుర్తింపు పొందింది. కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నూలు చీరకు ఆల్ చెట్టు వేరు నుంచి తీసిన ఎరుపు, మట్టి రంగులు వేస్తారు. ఒడిశా చేనేతల్లో తొలుత, 2005లో, గుర్తింపు పొందినది అదే. శ్రీకాకుళం వైపు పొందూరు ఖాదీ ఉంది, వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి వడికే సన్నని నూలు అది. చెమటకు ఓర్చుకోలేని పెద్దాయనకు ఆ పంచె ఒంటికి హాయిగా ఉంటుంది. ఒడిశాలో బొయనిక, ఉత్కళిక, ఆంధ్ర వైపు ఆప్కో, లేపాక్షి అనే సహకార, ప్రభుత్వ సంస్థల దుకాణాల్లో మోసానికి అవకాశం తక్కువ. పట్టుకు, అది అసలు పట్టేనని తెలిపే సిల్క్ మార్క్ చీటీ ఉందో లేదో చూడండి. సహజ రంగు చీరను మొదటి రెండు మూడుసార్లు విడిగా, చన్నీళ్లలో ఉతకాలని కానుకతోపాటు చెప్పడం మరచిపోకూడదు.

కుట్టించవలసిన బట్ట ఏదైనా డిసెంబరు మొదటి తేదీకి చేతికి అందాలి, వీలైతే కుట్టుకూలితో సహా. ఇరవయ్యవ తేదీన ఇచ్చిన జాకెట్టు గుడ్డ కానుక కాదు, దర్జీ చుట్టూ తిరిగే పని. భార్యకు వంటపాత్రగాని మిక్సీగాని "నీ కానుక" అని ఇవ్వవద్దని మగవారికి మనవి చేస్తున్నాను. అవి ఇంటికి కొన్నవి, వాటిలో వండినది అందరూ తింటారు. ఆమెకు అంటూ ఇచ్చేది ఆమె ఒక్కరే వాడుకునేదిగా ఉండాలి. బంగారం కొనగలిగిన వారు హాల్‌మార్కుతోపాటు అక్షరాలు, అంకెలు కలిసి ఆరు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య నగ మీద ఉన్నదో లేదో చూసుకోవాలి. 2023 ఏప్రిల్ 1 తరువాత అది లేకుండా దుకాణాల వారు అమ్మకూడదు.

వృద్ధుల దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే వారికి ఇచ్చేటప్పుడే మనం ఎక్కువగా పొరబడతాము. శాలువా మీద శాలువా పోగవుతుంది గాని, నిజంగా వారికి కష్టంగా ఉన్న పని అలాగే మిగిలిపోతుంది. చూపు తగ్గిన వారికి పెద్ద అక్షరాల బైబిలు ఇవ్వాలనుకుంటే, బైబిల్ సొసైటీ వారి దుకాణంలో అక్షరాల పరిమాణం కళ్లారా చూసి తీసుకోండి. పెద్ద అక్షరాల గ్రంథం బరువుగా ఉంటుంది. మణికట్టు నొప్పులున్న వారికి వ్యాసపీఠం జత చేయాలి, లేదా కొత్త నిబంధన, కీర్తనలు మాత్రమే ఉన్న తేలికపాటి ప్రతి ఇవ్వాలి. అసలు శుక్లం ముదిరిందేమో పరీక్ష చేయించకుండా అక్షరాలు పెంచుకుంటూ పోవడంలో అర్థం లేదు. కంటి వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లి, పరీక్ష చేయించి, కళ్లద్దాలు వేయించి తీసుకురావడమే ఒక సంపూర్ణమైన కానుక.

చేతికర్ర ఇవ్వదలిస్తే ఎత్తు కొలిచి కోయించాలి. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి, చేతిని పక్కకు వదిలినప్పుడు, కర్ర పిడి మణికట్టు మడతకు సరిగా రావాలి. కింద రబ్బరు తొడుగు తప్పనిసరి. రక్తపోటు చూసుకునే యంత్రమైతే మణికట్టుకు కట్టే దానికంటే దండచేతికి కట్టేది నమ్మదగినది, పట్టీ వారి చేతి లావుకు సరిపోవాలి. మా పర్లాకిమిడి కొమ్ము పనివారు చేసే దువ్వెన పెద్దవారికి ఎంతో నచ్చుతుంది, ప్లాస్టిక్ దువ్వెనలా వెంట్రుకను లాగదు. దానిని వేడినీళ్లలో నానబెట్టకుండా పొడిగుడ్డతో తుడిచి, అప్పుడప్పుడు కొబ్బరినూనె రాస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. మధుమేహం ఉన్న వారికి స్వీట్ల పెట్టె బదులు ఉప్పు వేయని పలాస జీడిపప్పు ఇవ్వండి. బెల్లంతో చేసినవి పరవాలేదన్న నమ్మకం సరికాదు, బెల్లం కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది.

వస్తువులు ఏవీ వద్దనే వృద్ధులూ ఉంటారు. వారికి ప్రయాణం ఇవ్వవచ్చు. మా అత్తయ్యగారి చెల్లెలు టెక్కలిలో ఉంటారు. ఇద్దరూ కలుసుకుని నాలుగేళ్లయిందని నోటుపుస్తకంలో రాసుకున్న ఏడు, ఆమెను వెంటబెట్టుకుని తీసుకువెళ్లి రెండు రాత్రులు అక్కడ ఉంచి తీసుకువచ్చాము. ఆ రెండు రాత్రులూ అక్కాచెల్లెళ్లు చిన్నప్పటి క్రైస్తవ కీర్తనలు పాడుకున్నారు, నేను ఫోనులో రికార్డు చేశాను. ఆ పాటలు ఇప్పుడు ఇద్దరి మనవల దగ్గరా ఉన్నాయి. పాత ఫోటోలను శుభ్రంగా మళ్లీ అచ్చు తీయించి, ఒక్కొక్క ఫోటోలో ఉన్నవారి పేర్లు, ఊరు, ఏడు ఆ పెద్దవారి నోటి వెంట విని దాని వెనుక రాసి ఆల్బం కట్టడం మరొక మార్గం. ఆ పేర్లు చెప్పగలవారు మన మధ్య ఉండగానే చేయవలసిన పని అది.

నాలుగవ మెట్టు: వియ్యాలవారు, అన్యమతస్థులైన బంధువులు, దుఃఖంలో ఉన్నవారు

మా తోటికోడలు బరంపురం నుంచి వచ్చిన ఒడియా అమ్మాయి. మొదటి క్రిస్మస్‌కు అందరితోపాటు ఆమెకూ తెలుగు పాటల పుస్తకం ఇచ్చాము. నవ్వుతూ తీసుకుంది, ఆరాధనలో పెదవులు కదపలేకపోయింది. మరుసటి ఏడు ఒడియా బైబిలు ఇచ్చినప్పుడు ఆమె ముఖం చూసి, మొదటి ఏడు మేము ఎంత తొందరపడ్డామో గ్రహించాము. కోడలు మన భాష నేర్చుకోవాలని కోరుకోవడం తప్పు కాదు, కాని ఆమె ప్రార్థన చేసుకునే భాషను మనం గౌరవించి చూపవలసినది ముందు.

హిందువులైన వియ్యాలవారికి, చుట్టాలకు మతసంబంధమైన వస్తువు ఇవ్వకండి. అరిసెలు, పండ్లు, మంచి నూలు తువ్వాళ్లు ఇస్తే ఇరువైపులా సంతోషమే. మనం అరిసె అన్నదానినే వారు అరిసా పిఠా అంటారు, రుచి విషయంలో వివరణ అక్కర్లేదు. మార్గశిర గురువారాల్లో ఇక్కడ చాలా ఇళ్లలో లక్ష్మీపూజ చేసి నీచు ముట్టరు కనుక, ఆ మాసం క్రిస్మస్ రోజులతో కలిసి వచ్చిన ఏడు గుడ్డు లేని కేకు పంపండి, పంపేటప్పుడు ఆ మాట చెప్పండి.

ఆ ఏడాది మనిషిని పోగొట్టుకున్న ఇంటికి మెరిసే కాగితాల పొట్లం తీసుకువెళ్లవద్దు. వండిన భోజనం తీసుకువెళ్లి, తొందరపడకుండా కూర్చుని, పోయినవారి పేరు వారు ఎత్తితే వినండి.

ఐదవ మెట్టు: దూరాన ఉన్నవారికి పంపడం

గంజాం, గజపతి జిల్లాల నుంచి సూరత్‌కు, హైదరాబాదుకు పనికి వెళ్లిన వారు ఎందరో క్రిస్మస్‌కు ఇంటికి రాలేరు. వారి పొట్లం డిసెంబరు మొదటి వారంలోనే తపాలాలో పడాలి. గట్టి పాకంతో చేసిన అరిసెలు నూనె బాగా ఒత్తి, పూర్తిగా చల్లారిన తరువాత డబ్బాలో పెడితే ప్రయాణానికి తట్టుకుంటాయి. గులాబీ పువ్వులనే పిండివంటలు పెళుసుగా ఉంటాయి కనుక స్టీలు డబ్బాలో వాటి సందుల నిండా మరమరాలు పోయండి. అవి కదలకుండా పట్టి ఉంచుతాయి, చేరాక అవీ తినవచ్చు. స్ప్రే సెంట్లు మండే స్వభావం గలవి కాబట్టి తపాలా వారు తీసుకోరు. పొట్లంలో అమ్మ చేతి రాతతో ఒక ఉత్తరం ఉండాలి. రాయలేని అమ్మ చెబుతుంటే ఆమె మాటలను మార్చకుండా అలాగే రాయండి.

ఆరవ మెట్టు: కట్టడం, రాయడం, ఇవ్వడం

ధర చీటీ తీసివేసి, బిల్లు మాత్రం మీ దగ్గర భద్రంగా ఉంచుకోండి, కొలత తప్పితే మార్చుకోవడానికి కావాలి. కానుకను మెరుపు కాగితంలో కంటే కొత్త తువ్వాలులో మూటకట్టడం నాకు ఇష్టం. పైన పేరు, పుచ్చుకునే వారు చదవగల లిపిలో రాయాలి. లోపల పెట్టే చీటీలో ఆ ఏడాది ఆ మనిషి మీ కోసం చేసిన ఒక పనిని తారీఖుతో సహా గుర్తుచేసి, ఈ వస్తువును ఎందుకు ఎంచుకున్నారో ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. "జూలైలో నాకు జ్వరం వచ్చినప్పుడు మూడు రాత్రులు నా దగ్గరే పడుకున్నావు చిన్నమ్మా" అన్న వాక్యాన్ని మా చిన్నమ్మ బైబిలులో దాచుకున్నది. ఆ ఏడు ఇచ్చిన దుప్పటి సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు.

మా ఇంట్లో క్రిస్మస్ ఉదయం ఆరాధన ముగిసి, అందరూ ఇంటికి చేరి, టిఫిన్లు అయిన తరువాత కానుకలు ఇస్తాము. మొదట ఇంట్లో అందరికంటే పెద్దవారికి, చివర పిల్లలకు. పిల్లలు ఆగలేరని అనుకుంటాము గాని, తాతయ్య మూట విప్పుతుంటే చుట్టూ మూగి చూడడం వారికి అలవాటైపోయింది. ఒకే ఇంటి పిల్లలకు ఇచ్చేవి ధరలోనే కాక చూపులకు కూడా ఇంచుమించు సమానంగా ఉండాలి. ఏడేళ్లవాడికి పెట్టె పెద్దదా చిన్నదా అన్నదే కనిపిస్తుంది.

ఏడవ మెట్టు: భోగి నాడు పుస్తకం తెరవడం

భోగి ఉదయం వీధి చివర మంటల వెచ్చదనం ఇంకా ఉండగానే నోటుపుస్తకం తీసి, ఒక్కొక్క పుటలో ఇచ్చిన వస్తువు పేరు రాసి, అది ఇప్పుడు ఎక్కడ ఉందో దాని ఎదురుగా రాయండి. వాడకంలో ఉన్న దానికి ఒక గుర్తు, బీరువాలో ఉన్న దానికి మరొక గుర్తు పెట్టండి. నిరుటి నా పుటల్లో ఇలా ఉంది: మావయ్యగారి చేతికర్ర, రోజూ పాలకేంద్రం దాకా; తోటికోడలి కోట్‌పాడ్ చీర, రెండుసార్లు కట్టింది; మరిది గారి స్వెట్టరు, చేతులు పొట్టి, బజారుకు వెళ్లి మార్చాలి; పెద్దాడపడుచు టార్చి, పెట్టెలోనే ఉంది, ఆమెకు రాత్రి బయటికి వెళ్లే పని లేదు, ఆమె పెరటి మొక్కలకు నీళ్లు పోసే డబ్బా అంచు మాత్రం పగిలింది.